రెండు మార్కుల ప్రశ్న వెనుక ఉన్న మనిషి

తిరుపతి ఆయుర్వేద కళాశాల మొదటి సంవత్సరంలో పదార్థ విజ్ఞానంతో (ఆయుర్వేద తత్త్వశాస్త్రంతో) పాటు ఆయుర్వేద ఇతిహాసం చదివిన మనందరికీ, దేశీయ వైద్యం మీద వేసిన ఉస్మాన్ కమిటీ పేరు గుర్తుండే ఉంటుంది. వైద్య వ్యవస్థ మీద తరువాత వేసిన భోర్ కమిటీ, చోప్రా కమిటీల సరసన అదీ ఒక రెండు మార్కుల ప్రశ్న. మద్రాసు ప్రభుత్వం 1921లో నియమించింది, అధ్యక్షుడు మహమ్మద్ ఉస్మాన్, కార్యదర్శి కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి, నివేదిక వచ్చింది 1923లో. ఇంత రాస్తే మార్కులు పడేవి. ఆ మద్రాసు ప్రభుత్వాన్ని నడిపింది ఎవరు, ఆ కమిటీ వేయాల్సిన అవసరం ఏమొచ్చింది అనే మాట గైడ్లలో ఉండేది కాదు. ఇతిహాసం చెప్పిన మా సారు మాత్రం ఒకరోజు పాఠం ఆపి, ఆ కమిటీ వేసినాయన ఎక్కడో ఢిల్లీలోనో లండన్‌లోనో పుట్టలేదని, మనకు కూతవేటు దూరంలో ఉన్న కాళహస్తిలో పుట్టాడని చెప్పారు. పేరు పానగంటి రామారాయణింగారు. చరిత్ర పుస్తకాల్లో పానగల్ రాజా.

తిరుపతిలో చదువుకున్న రోజుల గురించి ఈ పూర్వ విద్యార్థుల సంచికలో చాలామంది రాస్తారు. వనమూలికల కోసం శేషాచలం అడవుల అంచుల్లో తిరిగిన తిరుగుళ్లు, నరసింగాపురం ఫార్మసీలో లేహ్యాల వాసన, శవచ్ఛేదనం మొదటిరోజు ఎవరెవరికి కళ్లు తిరిగాయి, ఇవన్నీ నాకూ ఇష్టమైన జ్ఞాపకాలే. కానీ చదువు పూర్తయిన తరువాత ఏళ్ల తరబడి నన్ను వదలకుండా ఉన్నది ఆ పాఠం. దొరికినప్పుడల్లా ఆయన గురించి చదువుతూ వచ్చాను. మన డిగ్రీకి, మన డిస్పెన్సరీలకు, చివరికి మన కళాశాలకు కూడా పునాది రాళ్లు వేసిన వారిలో ఈయన ఒకరని నా దృఢమైన నమ్మకం. మన ప్రాంతంలో ఆయన గురించి తెలిసినవారు చాలా తక్కువ. అందుకే నాకు కేటాయించిన పుటల్ని ఆయనకే ఇస్తున్నాను.

రామారాయణింగారు 1866 జూలై 9న పుట్టారు. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు. కాళహస్తి జమీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది 1911లో. పద్మనాయక వెలమ జమీందారీ కుటుంబం వారిది. మద్రాసులో తిరువల్లిక్కేణిలో బడి చదువు, ఆ తరువాత ప్రెసిడెన్సీ కళాశాల. 1893లో సంస్కృతం ముఖ్యాంశంగా పట్టా పుచ్చుకున్నారు. అక్కడితో ఆగకుండా న్యాయశాస్త్రం చదివారు, తత్త్వశాస్త్రం, ద్రావిడ భాషలు తీసుకుని ఎం.ఏ. చేశారు. తిండికీ గుడ్డకూ లోటు లేని జమీందారు కొడుకు ముప్పై ఏళ్లు దాటినా పరీక్షలకు కూర్చోవడం ఆ రోజుల్లో అరుదు. సంస్కృత గ్రంథాలు మూలంలో చదవగల మనిషి కాబట్టే తరువాత దేశీయ వైద్యం విషయం బల్ల మీదికి వచ్చినప్పుడు ఆయనకు అది పరాయి విషయం కాలేదు.

1912 నుంచి కొన్నేళ్లు ఇంపీరియల్ శాసనమండలిలో దక్షిణాది జమీందార్ల ప్రతినిధిగా ఉన్నారు. 1915లో విశాఖపట్నంలో జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. ఆ తరువాత బ్రాహ్మణేతరుల పక్షమైన జస్టిస్ పార్టీలో చేరారు. 1919 భారత ప్రభుత్వ చట్టం కింద ఎన్నికలు జరిగి 1920 డిసెంబరులో మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటి మంత్రివర్గం ఏర్పడినప్పుడు స్థానిక స్వపరిపాలన శాఖ ఆయన చేతికి వచ్చింది. మొదటి మంత్రి (ఇప్పటి మాటల్లో ముఖ్యమంత్రి) సుబ్బరాయలు రెడ్డియార్ ఆరోగ్యం పాడై తప్పుకోవడంతో 1921 జూలై 11న ఆ పదవి ఈయనకు దక్కింది. 1926 డిసెంబరు దాకా ఆయనే ఉన్నారు. అయిదేళ్లకు పైగా, మధ్యలో ఒక ఎన్నికను దాటి.

ఇక్కడ ఒక సంగతి విడమరిచి చెప్పాలి. అప్పటి మంత్రుల చేతుల్లో ఉన్నది సగం అధికారమే. ఆర్థికం, పోలీసు, రెవెన్యూ గవర్నరు దగ్గర, ఆయన కార్యనిర్వాహక మండలి దగ్గర ఉండేవి. ప్రజలెన్నుకున్న వారికి వదిలినవి విద్య, వైద్యం, ప్రజారోగ్యం, స్థానిక సంస్థలు, వ్యవసాయం, పరిశ్రమలు. అంటే ఖర్చు పెట్టే శాఖలన్నీ వీరివి, డబ్బు పెట్టె తాళంచెవి వేరొకరిది. ఈ ఏర్పాటుతో విసిగి చేతులెత్తేసిన మంత్రులు ఇతర రాష్ట్రాల్లో ఉన్నారు. పానగల్ రాజా ఆ వదిలిన శాఖలనే గట్టిగా పట్టుకున్నారు. స్థానిక స్వపరిపాలన అంటే ఈనాడు మనకు ఒక చిన్న శాఖలా వినిపిస్తుంది. ఆనాడు జిల్లా బోర్డు, తాలూకా బోర్డుల చేతుల్లోనే పల్లె బడి, ధర్మాసుపత్రి, మంచినీళ్ల బావి, సత్రం, బాట, జాతరల్లో కలరా రాకుండా చూసే ఏర్పాట్లు అన్నీ ఉండేవి. విద్యామంత్రిగా ఏ.పి. పాత్రో ఉన్నా, పల్లెలో బడి నడిచేది బోర్డు డబ్బుతో. వైద్యం నేరుగా రాజా గారి శాఖే. ఒక ఊరికి బడి, మందు, నీళ్లు ఒకే చోటు నుంచి రావాలన్న ఏర్పాటు ఆయన కనిపెట్టింది కాదు. కానీ ఆ మూడింటినీ కలిపి చూసిన మంత్రిగా నాకు ఆయనే కనిపిస్తారు.

మనకు అన్నిటికంటే దగ్గరి కథ వైద్యానిది. 1914లో మద్రాసులో వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. పాశ్చాత్య వైద్యం చదివినవారికే అందులో చోటు. ఆయుర్వేదం, సిద్ధ, యునానీ వైద్యులు చట్టం దృష్టిలో వైద్యులే కారు. అప్పటికి పల్లెల్లో జబ్బు చేసినవాడికి దిక్కు వాళ్లే. 1918లో ప్రభుత్వం డాక్టర్ ఎం.సి. కోమన్ గారిని దేశీయ ఔషధాల మీద పరిశోధనకు నియమించింది. ఆయన మందుల్లో కొన్నిటిని మెచ్చుకున్నా, ఆ వైద్యాల వెనుక ఉన్న సిద్ధాంతాన్ని శాస్త్రం కాదని తోసిపుచ్చారు. వైద్యులు భగ్గుమన్నారు. ఆ గొడవ నడుస్తుండగానే రాజా గారు మొదటి మంత్రి అయ్యారు, ఆ సంవత్సరమే ఉస్మాన్ కమిటీ వేశారు.

ఈ కమిటీలో నాకు నచ్చేది దాని పద్ధతి. దేశీయ వైద్యం చేసేవారినే సాక్షులుగా అడిగింది. సంస్కృతం, తమిళం, ఉర్దూ, తెలుగు, ఇంకా ఎన్నో భాషల్లో వాంగ్మూలాలు వచ్చాయి. మీ సిద్ధాంతం ఏమిటి, మీరు ఎలా నేర్చుకున్నారు, మీకు ప్రభుత్వం ఏం చేయాలి అని అడిగి రాసుకుంది. కార్యదర్శి శ్రీనివాసమూర్తి గారు పాశ్చాత్య వైద్యంలో పట్టా ఉన్నవారు, యుద్ధకాలంలో సైన్యంలో వైద్యుడిగా పనిచేసినవారు. అలాంటి మనిషి కూర్చుని వాత, పిత్త, కఫాల త్రిదోష సిద్ధాంతానికి తర్కబద్ధమైన సమర్థన రాశారు. ఈ వైద్యాలు శాస్త్రాలే, శస్త్రచికిత్సలో వెనకబడ్డాయి, ఆ లోటు పూడ్చుకోవాలి, వీటికి ప్రభుత్వ పాఠశాల ఉండాలి అన్నది సారాంశం. నివేదికలు అటకెక్కడం ఆనాడూ ఉంది. ఇది ఎక్కలేదు. 1925 నాటికి మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల నడుస్తోంది. దానికి శ్రీనివాసమూర్తి గారే అధిపతి. ఆయుర్వేదం, సిద్ధ, యునానీ మూడూ ఒకే ప్రాంగణంలో చెప్పేవారు. శరీర నిర్మాణం, శరీరధర్మశాస్త్రం, శస్త్రచికిత్స ఆధునిక పద్ధతిలో నేర్పేవారు. ఈనాడు కీల్పాక్ వైద్య కళాశాల ఉన్నది ఆ చోటనే.

అక్కడ చదివినవారికి ఇచ్చిన పట్టా ఎల్.ఐ.ఎం. (లైసెన్షియేట్ ఇన్ ఇండియన్ మెడిసిన్). మన వైపు పాత బజార్లలో, పుత్తూరులో, నగరిలో, కాళహస్తిలో, నా చిన్నతనంలో కూడా అక్కడక్కడా పేరు పక్కన ఎల్.ఐ.ఎం. అని రాసిన రంగు వెలిసిన బోర్డులు కనిపించేవి. ఆ మూడక్షరాలకు అర్థం నాకు తెలిసింది తిరుపతి వచ్చాకే. ఆ డాక్టర్లు స్టెతస్కోపు మెడలో వేసుకుని నాడి చూసేవారు, అవసరమైతే పుండు కోసి కట్టు కట్టేవారు, కషాయం రాసి ఇచ్చేవారు. మనం చదివిన చదువుకు వాళ్లది ముందు రూపం. మన ఆయుర్వేద డిగ్రీ బి.ఏ.ఎం.ఎస్.లో చరక సంహిత పక్కన ఆధునిక శరీరశాస్త్రం ఎందుకు, ఏదో ఒకటి చదివితే చాలదా అని హాస్టల్లో రాత్రుళ్లు వాదించుకున్నవాళ్లం మనం. ఆ వాదనకు ఎంత వయసుందో అప్పుడు తెలిస్తే ఎంత బాగుండేది! శుద్ధ ఆయుర్వేదమా, మిశ్రమమా అన్న తగువు మద్రాసు పాఠశాల పుట్టిన నాటి నుంచీ ఉన్నదే. నా మటుకు నేను శ్రీనివాసమూర్తి గారి పక్షం. రోగి ముందు కూర్చున్నవాడికి తెలిసినది ఎక్కువైతే రోగికి నష్టం లేదు.

పుత్తూరు పేరు వచ్చింది కనుక ఒక మాట. పుత్తూరు దగ్గరి రాచపాళెంలో ఎముకల కట్టు గురించి మనవాళ్లకు చెప్పనక్కర లేదు. తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ విరిగిన చేతులూ కాళ్లూ పట్టుకుని జనం అక్కడికి వస్తూనే ఉన్నారు. ఒక కుటుంబం తరతరాలుగా కాపాడుకున్న విద్య అది. అలాంటి విద్యలు ఊరూరా ఉండేవి. పాము కాటుకు ఒకరు, పచ్చకామెర్లకు ఒకరు, కళ్లకు ఒకరు. వీటిలో కొన్ని గొప్పవి, కొన్ని ప్రమాదకరమైనవి. ఏది ఏదో తేల్చేవారు లేరు. కొడుకు లేకపోతేనో, ఉన్న కొడుకు పట్నం వెళ్లిపోతేనో ఆ విద్య చితిలోకి వెళ్లిపోయేది. పాఠశాల పెట్టడం అంటే కుటుంబాల గుప్పిట్లో ఉన్నదాన్ని నేర్చుకోగల ప్రతివాడి ముందూ పెట్టడం. మాది నగరి దగ్గర మగ్గాల ఊరు. మా ఇంట్లో నాకంటే ముందు కళాశాల గడప తొక్కినవారు లేరు. వైద్యుల కుటుంబంలో పుట్టని నాలాంటివాడు అష్టాంగ హృదయం చేతబట్టుకోగలిగాడంటే, ఆయుర్వేదం తాత నుంచి మనవడికి కాక గురువు నుంచి విద్యార్థికి ఇచ్చే చదువుగా మారినందువల్లే. ఈ మాట రాస్తుంటే నాకు ఆ కాళహస్తి జమీందారు మీద కృతజ్ఞత పొంగుతుంది, దాచుకోను.

ఆయన చేసిన రెండో పని ఇంకా తక్కువమందికి తెలుసు. పల్లెల్లో డాక్టరు ఉండడు. ఉండమంటే ఎందుకుంటాడు? పట్నంలో చదివినవాడికి పల్లెలో రాబడి లేదు. 1920ల మధ్యలో మద్రాసు ప్రభుత్వం దీనికి ఒక దారి వెతికింది. ఒక ఊళ్లో స్థిరపడి వైద్యం చేయడానికి ముందుకొచ్చిన డాక్టరుకు ఏటా కొంత భృతి, మందులకు కొంత సాయం. ఆ డాక్టరు పేదలకు ఉచితంగా చూడాలి, స్తోమత ఉన్నవారి దగ్గర ఫీజు తీసుకోవచ్చు. పర్యవేక్షణ స్థానిక బోర్డుది. పెద్ద ఆసుపత్రి కట్టి అందులో డాక్టరును కూర్చోబెట్టేంత డబ్బు ప్రభుత్వం దగ్గర లేదు. ఉన్న కొద్ది డబ్బుతో ఎక్కువ ఊళ్లకు డాక్టరు చేరాలంటే ఇదే మార్గం. ఈ పథకంలో అల్లోపతి చదివినవారితో పాటు దేశీయ వైద్యులకూ చోటిచ్చారు. అంతకు పదేళ్ల ముందు చట్టం వైద్యులుగా గుర్తించని మనుషులకు ప్రభుత్వమే డబ్బిచ్చి ఒక ఊరి ఆరోగ్యం అప్పగించింది. కాలం ఎంత మారిందో చూడండి.

నేను ఉద్యోగంలో చేరి చాలాకాలం పల్లె డిస్పెన్సరీల్లోనే పనిచేశాను. ఆయుష్ డిస్పెన్సరీలో పొద్దున్నే బారు తీరే ముసలివాళ్ల మోకాళ్ల నొప్పులు, ఆడవాళ్ల తెల్లబట్ట, పిల్లల దగ్గు, పొలాల్లో మందు కొట్టి వచ్చినవాళ్ల దురదలు. ఒక్కో నెల చూర్ణాలు రావు, తైలాలు అయిపోతాయి. అలాంటప్పుడు ఉసిరి, కరక్కాయ, తానికాయ కొనుక్కుని దంచుకోండి, దొడ్లో అడ్డసరం ఆకు ఉంది కదా, కషాయం కాచుకోండి అని చెప్పి పంపాలి. ఆ పని చేస్తున్నప్పుడు నాకు అర్థమైంది ఏమిటంటే, పల్లెకు కావలసింది మొదట మందు కాదు, అక్కడే ఉండే మనిషి. జ్వరం మూడో రోజుకు తగ్గకపోతే పెద్దాసుపత్రికి పొమ్మని సమయానికి చెప్పేవాడు. భృతి పథకం ఈ సూత్రం మీదే నిలబడింది. స్వాతంత్య్రం తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చి పథకం మరుగున పడిపోయింది. ఆ సూత్రానికి మాత్రం కాలం చెల్లలేదు.

ఆ కాలంలో మన చుట్టుపక్కల ఏమేమున్నాయో కూడా గుర్తు చేసుకోవాలి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి, వేలూరులో 1918లో ఐడా స్కడర్ స్త్రీల కోసం పెట్టిన వైద్య పాఠశాల. రెండూ మిషనరీల చలవ. తిరుపతికి ఎస్.వి. వైద్య కళాశాల వచ్చింది 1960లో. అంటే నలభై ఏళ్లపాటు ఇక్కడి మనిషికి ప్రభుత్వం తరఫున దగ్గరగా దొరికినవారు బోర్డు ఆసుపత్రి డాక్టరు, ఎల్.ఐ.ఎం. డాక్టరు, అంతే.

ఇక చదువు. 1921 సెప్టెంబరు 16న ఆయన ప్రభుత్వం ఇచ్చిన 613వ నంబరు ఉత్తర్వు గురించి చరిత్ర విద్యార్థులకు తెలుసు. ప్రభుత్వోద్యోగాల్లో అన్ని వర్గాలవారికీ వాటా దక్కేలా చూడాలన్న తొలి కమ్యూనల్ జి.ఓ. అది. రిజర్వేషన్ల మీద ఈ దేశంలో నడిచిన వాదాలన్నిటికీ దానితో చుట్టరికం ఉంది. కళాశాలల్లో ప్రవేశాలు ప్రిన్సిపాలు ఇష్టానికి వదలకుండా ఎంపిక సంఘాలు పెట్టడం కూడా ఆ ప్రభుత్వం కాలంలోనే మొదలైంది. 1923లో మద్రాసు విశ్వవిద్యాలయ చట్టం, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం. ఆ రెండోది తెలుగువారు ఏళ్ల తరబడి అడిగినది. విశాఖ సభకు అధ్యక్షత వహించిన మనిషి మొదటి మంత్రిగా ఉండగా అది నెరవేరింది.

ఇక్కడే మన జిల్లాకు చెందిన మరో పెద్ద మనిషి కథలోకి వస్తారు. చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి గారు. సి.ఆర్. రెడ్డి అంటేనే అందరికీ తెలుస్తుంది. మైసూరు సంస్థానంలో విద్యాశాఖను నడిపి వచ్చిన మేధావి, మాటకు ఎదురులేని వక్త. మొదట జస్టిస్ పార్టీలోనే ఉండి, నాయకత్వంతో పడక బయటికి వచ్చారు. 1923 ఎన్నికల్లో రాజా గారి పక్షం తక్కువ బలంతో తిరిగి అధికారానికి వచ్చింది. ఆ నవంబరులోనే రామలింగారెడ్డి గారు మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. మన దేశపు శాసనసభల చరిత్రలో తొలి అవిశ్వాస తీర్మానం అదేనంటారు. అనుకూలంగా 44, వ్యతిరేకంగా 65. మంత్రివర్గం నిలబడింది. మద్రాసు సభలో ఒకవైపు కాళహస్తి, మరోవైపు చిత్తూరు!

ఆ తీర్మానం పెట్టిన వ్యక్తే మూడేళ్లు తిరక్కుండా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి అయ్యారు. ఏ ప్రభుత్వాన్ని పడగొట్టాలని చూశారో ఆ ప్రభుత్వం తెచ్చిన విశ్వవిద్యాలయానికి. రాజకీయంలో ఎదురెదురుగా నిలబడినవారు చదువు విషయానికి వచ్చేసరికి ఒకే సంస్థకు ఒకరు చట్టం, ఒకరు ప్రాణం ఇచ్చారు. 1930లో జాతీయోద్యమం మీద ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆయన ఆ పదవి వదులుకున్నారు, 1936లో మళ్లీ వచ్చి 1949 దాకా ఉన్నారు. మధ్యలో ఆ కుర్చీలో కూర్చున్నది సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, చిన్నప్పుడు మన తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదివినవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నది విశాఖలో. దాని తొలి దశాబ్దాల్లో మాత్రం మన గాలి చాలా వీచింది.

తిరుపతివాళ్లం కాబట్టి దేవాదాయ చట్టం గురించి చెప్పకుండా ఉండలేను. గుళ్ల ఆదాయానికి లెక్క ఉండాలి, దాన్ని చూసే బోర్డు ఉండాలి అని రాజా గారు తెచ్చిన బిల్లు మీద మఠాధిపతులు, సంప్రదాయవాదులు పెద్ద పోరాటమే చేశారు. మతంలో సర్కారు జోక్యం ఏమిటన్నది వాళ్ల వాదన. 1925లో అది చట్టమైంది, 1927లో దాన్ని తిరిగి కట్టుదిట్టంగా చేశారు. తిరుమల అప్పటికి హథీరాంజీ మఠం మహంతుల నిర్వహణలో ఉంది. 1843 నుంచి అదే ఏర్పాటు. 1933లో ప్రత్యేక చట్టం కింద దేవస్థానం కమిటీ ఏర్పడి, ఆ పాలన ముగిసింది. ఈ రెండో చట్టం నాటికి రాజా గారు లేరు. కానీ భక్తుడు వేసిన కానుక ఎక్కడికి పోతున్నదో అడిగే హక్కు జనానికి ఉందన్న మాటను శాసనసభలో నిలబెట్టింది ఆయనే. ఆ మాట లేకుండా దేవస్థానం డబ్బుతో 1945లో ఆర్ట్స్ కళాశాల, 1983లో మన ఆయుర్వేద కళాశాల, ఆ తరువాత బర్డ్, స్విమ్స్ ఆసుపత్రులు వచ్చేవని నేను అనుకోను. మనం కట్టిన ఫీజు ఎంత? మిగతా ఖర్చంతా ఏ ఊరి రైతో, ఏ ఊరి కూలీయో ముడుపు కట్టి హుండీలో వేసినది. అది మన చదువుగా మారడానికి చట్టాలు కావలసి వచ్చాయి.

ఆయన్ని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. స్థానిక స్వపరిపాలన మంత్రిగా ఆయన కాలంలోనే చీరాల-పేరాల ఉదంతం జరిగింది. పురపాలక సంఘం పెట్టి పారిశుద్ధ్యం, నీళ్లు, వైద్యం ఇస్తామంటూ పన్నులు పెంచితే, మాకొద్దని జనం ఎదురుతిరిగారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఊరు ఊరంతా ఇళ్లు వదిలి బయట రామనగరు కట్టుకుని నెలల తరబడి ఎండకూ వానకూ ఓర్చారు. ఆరోగ్యం కోసం చేసే పని కూడా జనాన్ని అడగకుండా, వాళ్లు మోయగలరా అని చూడకుండా చేస్తే ఏమవుతుందో అది చూపించింది. రాజా గారి ప్రభుత్వం అక్కడ బిగుసుకుపోయింది, అది తప్పు. దళితుల విషయంలోనూ ఆయన మంత్రివర్గం చేయవలసినంత చేయలేదు. ఎం.సి. రాజా వంటి నాయకుడు 1923లో పార్టీ వదిలి వెళ్లిపోయారంటే ఆ బాధ వట్టిది కాదు. 613వ ఉత్తర్వు తెరిచిన తలుపుల్లోంచి ముందుగా లోపలికి వెళ్లినవారు భూములున్న కులాలవారే. ఈ సంగతులు దాచి పొగిడితే ఆ పొగడ్తకు విలువ ఉండదు. ఇవన్నీ తూకం వేసిన తరువాత కూడా నా గౌరవం తగ్గలేదు. సగం అధికారంతో, అరువు డబ్బుతో, రెండువైపుల నుంచీ తిట్లు తింటూ ఆయన నిలబెట్టినవి నిలబడ్డాయి.

1926 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ ఓడిపోయింది, స్వరాజ్య పార్టీ ఎక్కువ స్థానాలు గెలిచింది. రాజా గారు పదవి దిగారు. 1928 డిసెంబరు 16న కన్నుమూశారు. మద్రాసులో త్యాగరాయనగర్ ఆయన కాలంలో కట్టిన పేట. దాని నడుమ ఉన్న పార్కుకు ఆయన పేరు పెట్టారు, అక్కడ ఆయన విగ్రహం ఉంది. చిత్తూరు, తిరుపతి వైపు నుంచి పెళ్లి చీరలకూ నగలకూ మద్రాసు వెళ్లిన ప్రతి కుటుంబమూ పానగల్ పార్కు దగ్గర దిగే ఉంటుంది. సంచులు పట్టుకుని ఆ పార్కు చుట్టూ తిరిగిన మనవాళ్లలో, ఆ పేరుగల మనిషి మన కాళహస్తివాడని తెలిసినవారు వందకు ఒకరున్నా గొప్పే.

కాబట్టి పూర్వ విద్యార్థుల సంఘానికి నాది ఒక విన్నపం. మన ప్రాంతంలో ఎల్.ఐ.ఎం. చదివిన తరం వెళ్లిపోయింది, వాళ్ల ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్లలో పట్టాలు, బోర్డు ఇచ్చిన నియామక పత్రాలు, చేతిరాత యోగాల పుస్తకాలు, రోగుల చిట్టాలు ఉంటాయి. చెదలు తినకముందే వాటికి నకళ్లు తీసి కళాశాల గ్రంథాలయంలో ఒక బీరువాలో పెట్టుకుందాం. అసలు కాగితాలు వాళ్ల దగ్గరే ఉంచుదాం, నకలు చాలు. ఇతిహాసం పాఠం చెప్పే అధ్యాపకులు ఒప్పుకుంటే మొదటి సంవత్సరం పిల్లలతో ఈ పని చేయించవచ్చు, ఉస్మాన్ కమిటీ అంటే వాళ్లకు ఇక రెండు మార్కుల ప్రశ్నగా మిగలదు. కాళహస్తి, సత్యవేడు, పుత్తూరు, నగరి వైపు ఊళ్లు నేను తిరుగుతాను. చిత్తూరు, పలమనేరు, పీలేరు, మదనపల్లె వైపు ఉన్న మిత్రులు ఎవరు ముందుకు వస్తారో సమ్మేళనం రోజున చెబితే, ఆ రోజే ఊళ్లు పంచుకుందాం.